తొంభైలో గుండెపోటు: చికిత్సకు వయసు అడ్డా?

జంషెడ్‌పూర్‌లోని అగ్రికో వంటి పాత వాడల్లో, పిల్లలు ఉద్యోగాలకు హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోగా, పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన తెలుగు ఇళ్లు లేకపోలేదు. ఎనభై, తొంభై ఏళ్ల మనిషికి గుండెపోటు వస్తే ఆ ఇళ్లలో తొలుత వినిపించే ప్రశ్న ఒక్కటే: "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటారా?"

అసలు చిక్కు అంతకు ముందే మొదలవుతుంది. వృద్ధుల్లో చాలామందికి ఛాతీ నొప్పి రాదు. ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం, సొమ్మసిల్లడం, ఉన్నట్టుండి అయోమయం మాత్రమే కనిపించవచ్చు. మధుమేహం ఉన్నవారిలో నొప్పి మరింత మరుగున పడుతుంది. వయసు మీద పడిందిలే అని పడుకోబెట్టడంతో విలువైన గంటలు గడిచిపోతాయి. అనుమానం కలిగిన వెంటనే 108కు ఫోన్ చేసి, ఇ.సి.జి. తీయించాలి.

చికిత్స ఆ ఇ.సి.జి.ని బట్టి ఉంటుంది. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన 'స్టెమీ' రకంలో వయసు అడ్డు కాదు. వెంటనే యాంజియోప్లాస్టీ చేయడమే మేలు. రెండు గంటల్లోపు ఆ సదుపాయం అందదనుకుంటే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. 75 ఏళ్లు దాటినవారికి టెనెక్టెప్లేస్ మోతాదును సగానికి తగ్గిస్తారు. మెదడులో రక్తస్రావమే ఇక్కడి భయం.

నాళం పాక్షికంగా మూసుకున్న 'ఎన్‌స్టెమీ' రకంలోనే తర్జనభర్జన. ఎనభై దాటిన 457 మందిపై నార్వేలో జరిపి 2016లో ప్రచురించిన 'ఆఫ్టర్ ఎయిటీ' అధ్యయనంలో, యాంజియోగ్రామ్ మార్గం మళ్లీ వచ్చే గుండెపోట్లను తగ్గించింది. మరణాలను మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గించలేదు. బ్రిటన్‌లో సగటున 82 ఏళ్ల వయసున్న 1,518 మందిపై సాగిన 'సీనియర్ రీటా' ఫలితాలు 2024లో వచ్చాయి. గుండె జబ్బు మరణాలు, గుండెపోట్లు కలిపి చూస్తే, మందులతోనే నడిపినవారికీ యాంజియోగ్రామ్ చేసినవారికీ గణనీయమైన తేడా లేదు; మళ్లీ గుండెపోటు రావడం మాత్రం రెండో వర్గంలో తక్కువ. అంటే స్టెంటు వద్దన్న వైద్యుడు రోగిని వదిలేసినట్టు కాదు. వేయాలన్న వైద్యుడిని డబ్బు కోసమేనని శంకించడమూ సబబు కాదు. మూత్రపిండాల స్థితి, రక్తహీనత, జ్ఞాపకశక్తి, నిన్నటిదాకా తన పనులు తాను చేసుకున్నారా లేదా అన్నవి పుట్టిన సంవత్సరం కంటే ఎక్కువ చెబుతాయి. మాట్లాడగల స్థితిలో ఉంటే ముందుగా అడగవలసింది ఆ పెద్దమనిషినే.

ఖర్చు విషయానికొస్తే, 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆయుష్మాన్ భారత్ విస్తరణ 2024 అక్టోబరు 29న ప్రారంభమైంది. ఆయుష్మాన్ వయ వందన కార్డు ముందే తీసుకుని, సమీపంలో ఏ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో, అక్కడ రాత్రివేళ యాంజియోప్లాస్టీ చేస్తారో లేదో తెలుసుకోవాలి. రోజూ వాడే మందుల చీటీని కూడా ఆ కార్డుతోపాటే ఉంచాలి. రక్తం పలుచబరిచే మందులు అప్పటికే వాడుతుంటే ఆ సంగతి వైద్యుడికి మొదటే తెలియాలి.