ధిగ్దండము నుండి సమాజసేవ వరకు

మహాభారత శాంతిపర్వములో ద్యుమత్సేన సత్యవంతుల సంవాదమొకటి ఉన్నది. తండ్రి ఆజ్ఞచే వధ్యస్థానమునకు కొనిపోబడుచున్న వారిని చూచి సత్యవంతుడు అడ్డుపలికెను. వధ ధర్మమెట్లగునని అతని ప్రశ్న. దస్యునొక్కని చంపినచో, ఏ పాపమెరుగని వాని భార్య, తల్లిదండ్రులు, బిడ్డలు కూడ హతులైనట్లే. దుష్టుడు సైతము సత్సాంగత్యమున సాధుశీలుడగుట కలదు. ద్యుమత్సేనుడు రాజ్యభారము మోసినవాడు. అతని ఉత్తరము వేరు. ప్రజలు మృదుస్వభావులైన పూర్వకాలమున ‘ఛీ’ యను ధిగ్దండమే చాలెను. పిదప వాగ్దండము, అటుపై ధనగ్రహణము, నేడు వధదండము వచ్చినవని చెప్పెను.

ఈ వాదము ప్రాణదండమును గూర్చినదే గాని చిల్లర దొంగతనములను గూర్చినది కాదు. అయినను దండము అపరాధి ఇంటివారిపై పడునన్న సత్యవంతుని మాట చెరసాలకును వర్తించును.

మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి కూడ ఈ నాలుగు దండములనే చెప్పినవి. వాక్కుకును ధిక్కారమునకును క్రమము మాత్రము మారినది. ఆ నాలుగింటిలో కారాగారమునకు ప్రత్యేకముగ పేరు లేకపోవుట గమనింపదగినది. చెరసాలలు లేకపోలేదు, వాటిని రాజమార్గము చెంతనే కట్టవలెనని మనువే చెప్పెను. (యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయైన మితాక్షర ఆధారముగ 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ రచించుటచే ఈ వ్యవహారధర్మము తెలుగువారికి తెలుగుననే లభించినది.)

జరిమానా చెల్లింపలేనివాడు పనిచేసి ఋణము తీర్చుకొనవచ్చునని మనువు అనుమతించెను. బ్రాహ్మణునకు మాత్రము పని లేదు, క్రమక్రమముగ చెల్లించిన చాలును! ఈ భేదము సమర్థనీయము కాదు. పని దండమునకు బదులు కాగలదన్న భావము మాత్రము విలువైనది. కౌటిల్యుడు దానిని పాలనలో నిలిపెను. అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుడు నూలు వడికించు స్త్రీలలో, దండమునకు బదులుగ పనిచేయువారును ఉన్నారు. బందీలను ప్రతిదినమో, అయిదు రాత్రులకొకమారో విచారించి, పనిచేతనో, శరీరదండముచేతనో, ధనముచేతనో విడుదల చేయవలెనని నాగరికునకు విధించెను. రాజు జన్మనక్షత్రమునను పౌర్ణమినాడును బాలురకు, వృద్ధులకు, రోగులకు, అనాథులకు విడుదల ఉండెడిది. బందీని మరచిపోరాదన్నదే ఆ నియమముల సారము.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఇట్టి పనికి చోటు లేకపోయెను. 1958 నాటి ప్రొబేషన్ చట్టము మొదటిసారి తప్పుచేసిన వానిని మందలించి విడుచుటకు, సత్ప్రవర్తన హామీపై ఇంటికి పంపుటకు న్యాయస్థానమునకు అధికారమిచ్చెను. ఆ మందలింపు వాగ్దండమే. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత సమాజసేవను శిక్షలలో ఆరవదిగ చేర్చినది. అయిదువేల రూపాయల లోపు సొత్తును దొంగిలించి మొదటిమారు దోషిగ తేలినవాడు, ఆ సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చినచో అతనికి విధింపబడునది సమాజసేవయే. మద్యపుమత్తులో బహిరంగస్థలమున అనుచితముగ ప్రవర్తించిన వానికిని, పరువునష్టము కలిగించిన వానికిని ఆ అవకాశమున్నది.

ఈ సేవకు వేతనము లేదు. ఏ పని, ఎన్ని దినములు అనునది సంహిత నిర్ణయింపలేదు. సూత్రాధ్యక్షుని చేతిలో కనీసము నూలైనను ఉండెను. నేటి న్యాయాధికారి ఆ పనిని తానే వెదకవలసియున్నది.