రంపపు కోత, అయిదు మిల్లీ సెకన్లు

రెండు వారాల క్రితం మా గరాజ్ ముందు ఓ లారీ ఆగింది. డ్రైవరు ఒక పెద్ద చెక్కపెట్టె దింపి, సంతకం పెట్టించుకుని, నా వంక జాలిగా చూసి వెళ్లిపోయాడు. అందులో ఉన్నది 10 అంగుళాల క్యాబినెట్ టేబుల్ సా. పావు టన్ను బరువు. కొందాం కొందాం అనుకుంటూ ఏడేళ్లు గడిపేశాక, మా ఆవిడ ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకుంది. "వేళ్లు తెగని రంపం కొనుక్కో. ఇంటి లోను కడుతున్నది ఆ వేళ్లే."

వేళ్లు తెగని రంపం ఉంటుందా అంటే, ఉంది. ఆ సంగతి నాకూ తెలుసు. కాకపోతే అది రావడానికి రెండొందల ఏళ్లు ఎందుకు పట్టిందో, వచ్చాక కూడా మిగతా కంపెనీలు దాన్ని ఎందుకు దగ్గరికి రానివ్వలేదో ఇప్పుడే తీరిగ్గా చదివాను. చదివాక కొంచెం మండింది కూడా.

గుండ్రటి రంపం మీద మొదటి పేటెంటు ఇంగ్లండులో 1777లో శామ్యూల్ మిల్లర్ అనే ఆయనకి వచ్చింది. నౌకాదళానికి కప్పీలు చేసే కర్మాగారాల్లో అది బాగా పనికొచ్చింది. అమెరికాలో మాత్రం 1813లో టబితా బాబిట్ అనే షేకర్ మతస్తురాలు రాట్నం తిరగడం చూసి దీన్ని కనిపెట్టిందని చెప్పుకుంటారు. కథ బావుంటుంది కానీ చరిత్రకారులు పూర్తిగా ఒప్పుకోరు. ఎవరు కనిపెట్టినా వేలు తెగే పద్ధతి మాత్రం ఒకటే.

మా ఊరి కోత మిల్లులో పనిచేసే ఒక పెద్దాయనకి ఎడమచేతికి రెండు వేళ్లు ఉండేవి కావు. చిన్నప్పుడు మేం దాన్ని ఆయన పనితనానికి గుర్తనుకునేవాళ్లం, పహిల్వాను చెవి నలిగి ఉన్నట్టు. ఎవరైనా అడిగితే "నాదే పొరపాటు బాబూ, ఏమరుపాటు" అనేవాడు. ఈ "నాదే పొరపాటు" అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు నా గరాజ్‌లో ఉన్న రకానికి మూలపురుషుడు 1939లో పుట్టాడు. మిల్వాకీలో డెల్టా కంపెనీ తెచ్చిన యూనిసా అది. అంతకుముందు ఏటవాలు కోత కావాలంటే చాలా మిషన్లలో బల్లనే వంచాలి. యూనిసాలో బల్ల కదలదు, బ్లేడు వంగుతుంది. బ్లేడుని మోసే ట్రనియన్లు బల్లకి వేలాడకుండా కింద ఉన్న ఇనప పెట్టెకి బిగించి ఉంటాయి. క్యాబినెట్ సా అన్న పేరు ఆ పెట్టె వల్లే. దీనివల్ల బిగించేవాడికి ఒక సుఖం ఉంది. బ్లేడు, బల్ల మీదున్న మైటర్ గాడి ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే లోపల దూరి తంటాలు పడక్కర్లేదు. బల్ల బోల్టులు నాలుగూ వదులు చేసి, రబ్బరు సుత్తితో బల్లనే మెల్లిగా తట్టి జరపొచ్చు.

ఈ సమాంతరం ఎందుకంత ముఖ్యమంటే, కోసిన చెక్క బ్లేడు వెనక భాగానికి ఒరుసుకుంటే వెనక పళ్లు దాన్ని లేపి మన మీదకే విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు (మన రాజకీయ నాయకులు తీసుకునేది కాదు, ఇది కడుపులో తగులుతుంది). 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పంటి వేగం గంటకి 190 కిలోమీటర్లు. అదాటున చెక్క ఎగిరిపోతే, దాన్ని తోస్తున్న చెయ్యి తూలి బ్లేడు మీద పడుతుంది.

దీనికి మందు చాలా పాతది, చవకది. బ్లేడు వెనకే, అదే గీతలో నిలబడే ఒక పల్చటి ఉక్కు రేకు. రైవింగ్ నైఫ్ అంటారు. తెగిన రెండు ముక్కలూ మళ్లీ దగ్గరకొచ్చి బ్లేడుని నొక్కకుండా అడ్డం ఉంటుంది. బ్రిటన్‌లో 1922 నాటి నిబంధనలే ఫ్యాక్టరీ రంపాలకి ఇది ఉండి తీరాలన్నాయి. మన దేశంలో కూడా 1948 ఫ్యాక్టరీల చట్టం కింద రాసుకున్న రాష్ట్ర నిబంధనల్లో ఇది కనిపిస్తుంది. కాగితం మీద మా ఊరి పెద్దాయనకి కూడా ఆ హక్కు ఉందన్నమాట! అమెరికాలో టేబుల్ సా ప్రమాణాల్లోకి ఇది ఎక్కింది 2008 ప్రాంతంలో. అప్పటిదాకా ఇక్కడ గార్డుతో కలిపి బోల్టులేసి బిగించే ఒక స్ప్లిట్టర్ ఇచ్చేవారు. గాడి కొయ్యాలంటే అది మొత్తం విప్పాలి. ఒకసారి విప్పినవాడు మళ్లీ ఎందుకు బిగిస్తాడు? అటక మీదకి పోయేది. వేలు తెగాక అడిగేది మాత్రం "గార్డు ఎందుకు తీశావ్?" అని.

మనం కూడా ఇదే చేస్తాం కదా. వాడలేని స్క్రీన్ ఇచ్చి, తప్పు బటన్ నొక్కితే "యూజర్ ఎర్రర్" అని టికెట్ క్లోజ్ చెయ్యడం. ఎన్ని క్లోజ్ చేశానో నాకే లెక్క లేదు.

సరే, 1999కి వద్దాం. ఆరెగాన్‌లో స్టీవ్ గాస్ అనే పేటెంట్ లాయరు ఉన్నాడు. ఫిజిక్స్‌లో డాక్టరేటు, సరదాకి వడ్రంగం. బ్లేడులో చిన్న విద్యుత్ సంకేతం పెట్టాడు. చెక్క తగిలితే సంకేతంలో పెద్ద మార్పుండదు. ఒంట్లో నీళ్లూ ఉప్పూ ఉన్న మనిషి తగిలితే అది పడిపోతుంది. వెంటనే ఒక స్ప్రింగు అల్యూమినియం దిమ్మని బ్లేడు పళ్లలోకి గుచ్చుతుంది. బ్లేడు 5 మిల్లీ సెకన్లలోపు ఆగిపోతుంది. చెయ్యి సెకనుకి 30 సెంటీమీటర్ల వేగంతో కదులుతోందనుకుంటే, ఆ కాస్త టైములో ముందుకెళ్లేది మిల్లీమీటరున్నర. ఆస్పత్రి బదులు బ్యాండేజీ. బ్లేడూ బ్రేకూ మాత్రం చెత్తబుట్టకే.

ముందు హాట్‌డాగ్‌తో పరీక్షించాడు. 2000లో మత్తు ఇచ్చుకుని తన ఎడమచేతి ఉంగరం వేలే పెట్టాడు. కొద్దిగా రక్తం కారింది, అంతే. మనలో ఎంతమంది మనం రాసిన కోడ్ మీద వేలు పెడతాం?

కంపెనీల దగ్గరికి వెళ్లాడు. అమెరికాలో టేబుల్ సా బ్లేడు తగిలి అత్యవసర చికిత్సకి వెళ్లేవాళ్లు ఏడాదికి సుమారు 30 వేలమంది. 2015 లెక్కల్లో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లే 4 వేలకు పైన. అయినా ఎవరూ తీసుకోలేదు. ఖర్చు ఎక్కువ, తడి చెక్కకి ఊరికే ట్రిప్ అవుతుంది అన్నారు. రెండూ కొంత నిజమే. ఇంకో సంగతుంది. ఒక మోడల్లో ఈ బ్రేకు పెడితే, లేని మోడళ్లు ప్రమాదకరమని తామే ఒప్పుకున్నట్టవుతుందన్న భయం. 2002లో ర్యోబీతో లైసెన్సు బేరం చివరిదాకా వచ్చి ఆగిపోయింది. దాంతో గాస్ మిత్రులతో కలిసి సాస్టాప్ పేరుతో సొంతంగానే 2004లో అమ్మకాలు మొదలెట్టాడు.

2005లో మసాచుసెట్స్‌లో ఫ్లోరింగ్ పనిచేసే ఒక కార్మికుడి చెయ్యి ర్యోబీ రంపంలో పడింది. రంపం ఎక్కడా చెడిపోలేదు. అది చెయ్యాల్సిన పనే చేసింది. అయినా 2010లో జ్యూరీ అతనికి 15 లక్షల డాలర్లు ఇవ్వమంది. అపాయం తప్పించే ఉపాయం ఉండీ పెట్టకపోవడం కూడా డిజైన్ లోపమేనన్నది వాదన. "నాదే పొరపాటు" అన్న మాటని జ్యూరీలోని మామూలు మనుషులు పక్కన పెట్టేశారు.

ఇక్కడితో ఆపేస్తే గాస్ దేవుడైపోతాడు. కాదు. ఆయన మొదట్నుంచీ లాయరే. ఒకపక్క ఇలాంటి బ్రేకుని తప్పనిసరి చెయ్యమని 2003లో ప్రభుత్వానికి అర్జీ పెట్టాడు, ఇంకోపక్క దాని మీద వందకి పైగా పేటెంట్లు పోగేశాడు. బాష్ కంపెనీ రియాక్స్ అనే రంపం తెచ్చింది. అది బ్లేడుని పాడుచెయ్యకుండా బల్ల కిందకి లాగేసేది. సాస్టాప్ కేసు వేసి, 2017లో అమెరికాలోకి దాని దిగుమతిని ఆపించింది. వేళ్లు కాపాడే రంపాన్ని, వేళ్లు కాపాడే కంపెనీయే ఆపించింది! అదే ఏడాది ఫెస్టూల్ యజమానులు సాస్టాప్‌ని కొనేశారు. తప్పనిసరి నియమం అమల్లోకి వచ్చిన రోజున ఒక ముఖ్యమైన పేటెంటుని జనానికి వదిలేస్తామని 2024లో ప్రకటించారు. గమనించారా, నియమం వస్తేనే.

నేను మాత్రం బ్రేకు ఉన్నదే కొన్నాను. గాస్ మీద కోపం ఉంది కానీ వేళ్ల మీద ప్రేమ ఇంకా ఎక్కువ :)

బిగింపుకి రెండు శని, ఆదివారాలు పట్టింది. 240 వోల్టుల లైను ఎలక్ట్రీషియన్ చేత వేయించాను. పోత ఇనప బల్ల మీది జిడ్డు తుడవడానికే ఒక పూట. డయల్ ఇండికేటర్‌ని మైటర్ గాడిలో పెట్టి, ఒకే పంటికి గుర్తు పెట్టుకుని ముందొకసారి వెనకొకసారి కొలిస్తే తేడా అంగుళంలో వెయ్యో వంతులు 11. సుత్తితో తట్టి, బిగించి, మళ్లీ తట్టి, చివరికి 2కి తెచ్చాను. రైవింగ్ నైఫ్ బ్లేడుతో ఒకే గీతలో ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకున్నాను. పోయిన ఆదివారం సాయంత్రం ఒక పాత పైన్ పలక తోశాను. ఆ రేకు చీలికలోకి చప్పుడు లేకుండా దూరింది. మా ఆవిడ గుమ్మంలోంచి నా చేతుల వంకే చూస్తోంది.