చారిత్రక నవలయు పాఠకుని గుండెయు

వేసవి మధ్యాహ్నమున అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ని చేతబట్టి, దీపములు పెట్టు వేళదాక విడువలేకపోయిన దినములు మనలో చాలమందికి జ్ఞాపకముండును. పెండ్లిపందిటి నుండి వరుని ఎత్తుకొనిపోయిన గజదొంగమీద మనకు కోపము రావలసినది. రాదు సరికదా, వాడు పట్టుబడకుండవలెనని పుటపుటకును మ్రొక్కుకొందుము. ఆదవోని రాకుమారి అన్నాంబికకు ఇష్టములేని పెండ్లి తప్పినపుడు, మన ఇంటి పిల్లకే గండము గడచినట్లు ఊపిరి పీల్చుకొందుము. ఏడువందల యేండ్ల నాటి ముచ్చటకు మన గుండె ఇంతగా ఏల చలింపవలెను? ఈ సంగతినే శ్రోతలతో కలిసి కొంత విచారింతము.

మాకు తోచిన మొదటి కారణము, కథ యెక్కడ ముగియునో మనకు ముందే తెలిసియుండుట. సాంఘిక నవలలో తరువాత ఏమగునో యను ఆరాటము మనలను నడిపించును. కాకతీయుల కథలో ఆ ఆరాటమునకు తావు తక్కువ. 1323లో ఓరుగల్లు పడిపోవును. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి పోవుచు నర్మదాతీరమున కన్నుమూయును. ఇది యెఱిగియుండియే మనము రుద్రమదేవి పట్టాభిషేకమునకు సంతోషింతుము. ఆమె కూతురి కొడుకైన ఆ ప్రతాపరుద్రుని ఒడిలో కూర్చుండబెట్టుకొని మురిసినట్లు రచయిత వ్రాసినచో, ఆమె యెఱుగని సంగతి మనమెఱుగుదుము. కంటతడి అక్కడ పుట్టును. యుద్ధవర్ణనలు ఎన్ని పుటలు నిండినను ఇంత పని చేయవు; నిజము చెప్పవలెనన్న, వానిని మేము చాలమారులు దాటవేసి చదివినాము.

రెండవది మాఱువేషము. ఇది నవలాకారుల కల్పనయే యని తలచువారు కలరు. కాని రుద్రమ్మను ‘రుద్రదేవ మహారాజు’ అని పురుషనామముతో పేర్కొన్న శాసనములు నిజముగానే కలవు. పేరు మగవానిది, పీఠము మగవానిది, లోపలి మనస్సు ఏ పాటిదో రాయి చెప్పదు. అచ్చటినుండి నవల అందుకొనును. ఇంటి గడప దాటుటకే ఒకరి అనుమతి కావలసిన కాలమున ఈ పుస్తకములు చదివిన స్త్రీలకు, కత్తిపట్టి గుఱ్ఱమెక్కిన అన్నాంబిక ఉత్త కథానాయికగా మాత్రమే కనబడి యుండదు.

ఈ శాఖ మన దేశమున పుట్టినది కాదు. 1814లో స్కాటు తన ‘వేవర్లీ’ని వెలువరించెను, 1865లో బంకించంద్రుడు ‘దుర్గేశనందిని’ వ్రాసెను, 1896లో చిలకమర్తివారు ‘హేమలత’ వ్రాసిరి. తొలినాళ్ళ తెలుగు రచయితలు కథకొఱకు తఱచు రాజస్థానమువైపు చూచిరి. మన రాజులనుగూర్చి మనకే తెలియకుండెను మఱి! 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలి వెలసి, 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ వెలువడనారంభించి, శాసనములు ఒక్కొక్కటిగా చదువబడిన పిదపనే ఓరుగల్లు నవలకు ఎక్కినది. బాపిరాజుగారు హైదరాబాదున ‘మీజాన్’ తెలుగు పత్రికను నడపిన వారు. నోరి నరసింహశాస్త్రిగారి ‘రుద్రమదేవి’ 1951లో వచ్చినది. నిజాము పాలనలో తెలుగు చదువునకు చోటు చాలని యెడ, హనుమకొండలో 1904లో నెలకొన్న రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయము వంటి గ్రంథాలయములే తెలుగు పాఠకునికి దిక్కు. తనకొక రాజ్యముండెననియు, ఒక రాణియుండెననియు చదువుకొన్నవాని మనస్సు ఎట్లుండునో ఊహింపవచ్చును. వినోదముకొఱకు తెఱచిన పుస్తకము వానికి ఆత్మగౌరవముగా మాఱినది.

ఇచ్చటనే ఒక చిక్కు కలదు. గుండెకు హత్తుకొన్నదానిని మనము నిజమని నమ్ముదుము. ఏకామ్రనాథుని ‘ప్రతాపరుద్ర చరిత్రము’ రుద్రమ్మను గణపతిదేవుని భార్యగా చెప్పినది; మార్కోపోలో కూడ ఆమెను భర్త పోయిన పిదప రాజ్యమేలిన రాణి యనియే వినెను. ఆమె గణపతిదేవుని పుత్రిక యని 1261 నాటి మల్కాపుర శాసనము చెప్పుచున్నది. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము 1289లో వెలసినది. ఆమె మరణకాలమును మనకు తెలిపినది ఆ రాయియే. 2015లో వచ్చిన చలనచిత్రముతో గోన గన్నారెడ్డి పిల్లలకు సయితము ఇష్టుడాయెను. మంచిదే. కాని గన్నారెడ్డి యను పేరు 1294 నాటి రాయచూరు కోట శాసనమున నున్నదని ఆ పిల్లలకు ఎవరు చెప్పిరి?

2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో తిరిగినచో ఈ లోటు మఱింత తెలియును. భూపాలపల్లి దాపున గణపురమున కోటగుళ్ళ సమూహమున్నది. ఆ గుళ్ళలోని మదనికలు రామప్పగుడి మదనికలకు తోబుట్టువులవలె నుందురు. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్పకు యాత్రికులు వరుస కట్టుచుండగా, వీరిని చూడవచ్చువారు తక్కువ. జనగామ జిల్లా ఖిలాషాపురమున సర్వాయి పాపన్న కోట యున్నది. కల్లుగీత కుటుంబమున పుట్టి 1708లో ఓరుగల్లును కొల్లగొట్టిన ఇతనిని మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాను దొంగ యనెను. పల్లెవాండ్రు పాటగట్టి వీరుడనిరి. బాపిరాజుగారి గజదొంగను ప్రేమించిన మనము ఈ దొంగను నవలలో చూచుకొన్నది తక్కువ.

మహబూబాబాదు జిల్లా బయ్యారమున ఒక పెద్ద చెరువున్నది. దానిని త్రవ్వించినది గణపతిదేవుని సోదరి, నతవాటి రుద్రుని భార్యయైన మైలాంబ. ఆమె వేయించిన శాసనమున కాకతీయుల వంశక్రమము వెన్ననృపుని మొదలుకొని కలదు. అన్నగారి వంశము పూర్వులెవరో నేడు పండితులు చెప్పగలుగుట, అత్తవారింటికి వెళ్ళిన చెల్లెలు తన పుట్టింటివారి పేర్లు మఱువక చెక్కించుటవలన! నీరు నేటికిని పొలములకు పారుచున్నది. ఆడపడుచు మనస్సు తెలిసిన తెలుగు ఇంటివారికి ఇంతకంటె ఏ కథ కావలెను?

మఱియొకటి చెప్పి ముగింతుము. జనగామ జిల్లా గూడూరున 12వ శతాబ్ది శాసన మొకటి కలదు. అందు తెలుగు పద్యములే యున్నవి. విరియాల ఎఱ్ఱన కొరవి సీమలో బొట్టు బేతని నిలబెట్టెననియు, ఆయన భార్య కామసాని చాళుక్య చక్రవర్తిని దర్శించి, కాకతి బేతనికి అనుమకొండ నిప్పించెననియు ఆ పద్యములు చెప్పుచున్నవి. ఆ కొరవియే నేటి మహబూబాబాదు జిల్లాలోని కురవి. ఆ కాకతి బేతని సంతతియే గణపతిదేవుడు, రుద్రమ్మ, ప్రతాపరుద్రుడు. కామసాని ఆ దినమున నోరు విప్పకున్నచో ఈ నవలలేవియు లేకుండెడివి. పరాయి రాజు కొలువునకు వెళ్ళి ఒక స్త్రీ ఏమని వేడుకొన్నది? తన బిడ్డ కాని వానికొఱకు ఎందుకు వేడుకొన్నది? చక్రవర్తి మొదట కాదన్నాడా? పద్యములు అంతవఱకు పోలేదు. ఆమె ఏ దారిని వెళ్ళినదో, వెంట ఎవరున్నారో కూడ చెప్పలేదు.