టీవీ బ్రాండు ఎవరి ఎంపిక? నిమ్‌పురా చెప్పే చరిత్ర

ప్రతి ఏటా దసరా సమయంలో కేంద్ర మంత్రివర్గం సమావేశమై రైల్వే ఉద్యోగులకు ఉత్పాదకతతో ముడిపడిన బోనస్‌ను ఆమోదిస్తుంది. కొన్నేళ్లుగా ఆ లెక్కలో మార్పు లేదు. 78 రోజుల వేతనం, లెక్కకు తీసుకునే నెల జీతం పరిమితి 7,000 రూపాయలు, చేతికందే గరిష్ఠ మొత్తం 17,951 రూపాయలు. ఢిల్లీ పత్రికలకు అది లోపలి పేజీ వార్త. ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణానికి మాత్రం అది పండుగ బేరాలకు ముహూర్తం. గోల్‌బజార్‌లోనో, ఇప్పుడైతే చేతిలోని ఫోనులోనో, ఆ డబ్బుతో కొనదగిన వస్తువుల్లో టీవీ ముందు వరుసలో ఉంటుంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న: ఏ కంపెనీది కొనాలి?

ఆ ప్రశ్నను కొనుగోలుదారుడి అభిరుచికి, జేబుకు సంబంధించినదిగా చూడటం మనకు అలవాటు. చరిత్రను తిరగేస్తే వేరే సంగతి కనిపిస్తుంది. దుకాణంలో ఏ పేర్లు వరుసగా నిలబడాలో, తెర మీద ఏ భాష వినిపించాలో, కొనేవాడి చేతిలో ఎంత డబ్బు ఉండాలో చాలావరకు ఢిల్లీలోనే తేలిపోయింది. చివరికి మిగిలిన చిన్న ఎంపికనే మనం బ్రాండు అంటున్నాం. దీనికి నిమ్‌పురాను మించిన సాక్ష్యం దొరకదు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో కార్ఖానా కట్టిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల తెలుగువారు అక్కడికి వలస వెళ్లారు. కార్ఖానాలో, లోకో షెడ్లలో, నిమ్‌పురా గూడ్సు యార్డులో తరతరాలుగా పనిచేశారు. రామమందిరాలు కట్టుకున్నారు, పిల్లలకు తెలుగు బడులు అడిగి సాధించుకున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, పనిచోట హిందీ వారికి నిత్యకృత్యం. ఈ కార్మికుల ఉద్యమ చరిత్ర కూడా చిన్నది కాదు. 1920లలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన నాయకుల్లో వరాహగిరి వెంకటగిరి ముఖ్యుడు. అదే గిరి రాష్ట్రపతి భవన్‌లో ఉండగానే, 1974 మే 8న, దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. ఇరవై రోజుల పాటు సాగిన ఆ సమ్మెను ఇందిరాగాంధీ ప్రభుత్వం అరెస్టులతో, ఉద్యోగాల తొలగింపులతో, క్వార్టర్లు ఖాళీ చేయించడంతో అణచివేసింది.

ఆ సమ్మె కోరికల జాబితాలో బోనస్ ఒకటి. రైల్వే ప్రభుత్వ శాఖ కాబట్టి బోనస్ కుదరదన్నది నాటి వాదన. ఐదేళ్లు గడిచి, 1979-80 సంవత్సరానికి వచ్చేసరికి ఉత్పాదకతతో ముడిపడిన బోనస్ పేరిట అదే రైల్వేలో అమలులోకి వచ్చింది. నిమ్‌పురా ఇంట్లో పండుగకు వచ్చిన టీవీని ఈ వరుసలో పెట్టి చూడాలి. ఆ డబ్బు ఒకరు దయతలచి ఇచ్చింది కాదు. జైలుకు వెళ్లినవారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నవారు దాని కోసం ముందే మూల్యం చెల్లించారు.

ఇక తెర సంగతి. మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. రెండో నగరం బొంబాయికి చేరడానికి 1972 వరకు పట్టింది. కలకత్తా కేంద్రం 1975 ఆగస్టు 9న ప్రారంభమైంది, అంటే అత్యవసర పరిస్థితి విధించిన ఆరు వారాలకు. పత్రికల మీద సెన్సారు నడుస్తున్న కాలంలో ప్రభుత్వ టెలివిజన్ విస్తరించడాన్ని కేవలం సాంకేతిక ప్రగతిగా చదవలేం. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు రైలు దారిలో సుమారు 115 కిలోమీటర్లు. అంత దూరపు ప్రసారాన్ని పట్టాలంటే ఎత్తైన యాంటెన్నా, దానికో బూస్టరు కావాలి. బొమ్మ నాణ్యతను నిర్ణయించేది డబ్బా మీది పేరు కంటే ముందు ఇంటిపైన నిలబెట్టిన గొట్టం.

సరిగ్గా అదే నెలలో, 1975 ఆగస్టు 1న, మరో ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు ఏడాది పాటు కార్యక్రమాలు ప్రసారం చేశారు. దాని పేరు సైట్. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రచ్చబండ దగ్గర పెట్టిన టీవీలో తెలంగాణ, రాయలసీమ పల్లెలు తెలుగు విన్నాయి. ఆ గ్రామాల్లో పెట్టిన సెట్లను తయారు చేసింది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, మన వాడుకలో ఈసీఐఎల్. 1967లో అణుశక్తి శాఖ కింద ఏర్పడిన ఆ సంస్థను తీర్చిదిద్దినవాడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఈసీ టీవీ కొంతకాలం దేశమంతటా నమ్మకానికి మారుపేరు.

ఇక్కడి విడ్డూరం గమనించండి. నిమ్‌పురాలోని ఒక తెలుగు కుటుంబం అభిమానం కొద్దీ హైదరాబాదులో తయారైన ఈసీ టీవీనే కొన్నదనుకుందాం. అందులో వినిపించేది కలకత్తా కేంద్రపు బెంగాలీ, ఢిల్లీ నుంచి వచ్చే హిందీ, ఇంగ్లీషు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైనా దాని ప్రసారం అంత దూరం అందదు. సెట్టు తెలుగు నేల మీదిదే, మాట మాత్రం కాదు. బ్రాండును ఎంచుకునే వీలుంది, భాషను ఎంచుకునే వీలు లేదు.

ఆనాటి దుకాణంలో పేర్లకు కొదవ లేదు. టెలివిస్టా, వెస్టన్, క్రౌన్, డయనోరా, సాలిడేర్, కలకత్తాకే చెందిన టెలిరామా. వీటికి తోడు రాష్ట్ర ప్రభుత్వాల సంస్థలు: ఒడిశాకు కోణార్క్, కేరళకు కెల్‌ట్రాన్, ఉత్తరప్రదేశ్‌కు అప్‌ట్రాన్, మహారాష్ట్రకు మెల్‌ట్రాన్. ఆ జాబితా చూస్తే సమాఖ్య వ్యవస్థ పటం చూస్తున్నట్టే ఉంటుంది. ఇన్ని పేర్లు పుట్టడానికి కారణం పోటీ కంటే విధానం. విదేశీ కంపెనీలను, పెద్ద వ్యాపార కుటుంబాలను టీవీ తయారీకి దూరంగా ఉంచి, లైసెన్సులను చిన్న సంస్థలకు, ప్రభుత్వ రంగానికి పంచాలన్నది నాటి ఆలోచన. దాంతో పేర్లు పెరిగాయిగాని లోపలి సరుకు అంతగా మారలేదు. నలుపు తెలుపు టీవీకి గుండెకాయ వంటి పిక్చర్ ట్యూబును దేశంలో తయారు చేసేవి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వంటి ఒకటి రెండు సంస్థలే. చెక్కపెట్టె వేరు, తలుపులు వేరు, తాళం వేరు, లోపలి గాజు బుడ్డి తరచూ ఒక్కటే. కొనేవాడు ఆరా తీసే ముఖ్య విషయం కూడా వేరు: చెడిపోతే బాగుచేసే మనిషి మన ఊళ్లో ఉన్నాడా? టీవీ ఇంటికి వచ్చాక ఏటా తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము కట్టాలి. 1985లో ఆ లైసెన్సును రద్దు చేశారు.

రంగులు వచ్చిన తీరు మరింత రాజకీయం. 1982 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ఇందిరాగాంధీ ప్రసంగం రంగుల్లో దేశమంతటికీ ప్రసారమైంది. నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలు. పేద దేశానికి రంగుల టీవీ ఎందుకన్న విమర్శకు ఎదురునిలిచి దాన్ని తెచ్చినవాడు నాటి సమాచార మంత్రి వసంత్ సాఠే. క్రీడలకు గడువు ముంచుకొచ్చింది కాబట్టి దిగుమతి ఆంక్షలు సడలాయి. విదేశాల నుంచి విడిభాగాల కిట్లు తెప్పించి, ఇక్కడ బిగించి, ఎవరి పేరు వారు అంటించుకున్నారు. 1984లో, సార్వత్రిక ఎన్నికల ముందు నెలల్లో, దాదాపు రోజుకొకటి చొప్పున తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పారు. ఎన్నికల ఏడాదిలో ఆ తొందర దేనికో రాజకీయ పాఠకులకు విడమరచనక్కర్లేదు. ఆ ట్రాన్స్‌మిటర్లలో ఎక్కువ భాగం ఢిల్లీ నుంచి వచ్చేదాన్ని తిరిగి ప్రసారం చేసేవే. దూరదర్శన్ కార్యక్రమాలను పరిశీలించడానికి నియమించిన పి.సి. జోషి సంఘం 1984లో ఇచ్చిన నివేదిక ఈ లోపాన్నే ఎత్తిచూపింది: యంత్రాలు పెరిగినంతగా ప్రాంతాల జీవితం, భాష తెర మీదికి రావడం లేదని. ఆ నివేదికను పక్కన పెట్టారు. 1987 జనవరిలో ‘రామాయణ్’ మొదలయ్యాక టీవీల అమ్మకాలకు నివేదికల అవసరమే లేకపోయింది. ఒనిడా కొమ్ముల దయ్యం ప్రకటన, వీడియోకాన్, బీపీఎల్ పేర్లు మధ్యతరగతి నోళ్లలో నానింది ఆ దశకంలోనే.

నిమ్‌పురాకు అసలు మలుపు 1995. హీరో కప్ క్రికెట్ ప్రసారం మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర సమాచార శాఖకూ నడిచిన వివాదంలో సుప్రీంకోర్టు ఆ ఏడాది ఫిబ్రవరి 9న తీర్పు ఇచ్చింది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి, వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండరాదన్నది దాని సారాంశం. ధర్మాసనంలో విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తెలుగువారు. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్ క్రికెట్ మీద పుట్టిన వ్యాజ్యం దేశ ప్రసార చట్టానికి కొత్త పునాది వేసింది. అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. జెమిని కూడా ఆ ఏటిదే. ఉపగ్రహానికి రాష్ట్ర సరిహద్దులు పట్టవు. కేబుల్ తీగ ద్వారా హైదరాబాదు తెలుగు బెంగాల్‌లోని ఇంటికి రావడానికి దారి ఏర్పడింది. కలకత్తా కేంద్రం మొదలైన ఇరవై ఏళ్లకు ఆ పాత డబ్బాకు మాతృభాష వచ్చింది. దానికి బ్రాండు మార్చనవసరం లేకపోయింది.

ఆర్థిక సంస్కరణల తర్వాత సోనీ, శామ్‌సంగ్, ఎల్‌జీ ఒకదాని వెంట ఒకటి దిగాయి. పాత టీవీ ఇచ్చి కొత్తది తీసుకొమ్మన్న మార్పిడి పథకాలు బజారును ఊపేశాయి. పదిహేనేళ్లలో డయనోరా, సాలిడేర్, అప్‌ట్రాన్ వంటి పేర్లు జ్ఞాపకాల్లోకి జారుకున్నాయి. రక్షిత విపణిలో పుట్టిన కంపెనీలు పరిశోధన మీద పెట్టుబడి పెట్టలేదన్న విమర్శ నిజమే. అయితే ఆ గొడుగును తీసే ముందు వాటికి సిద్ధపడే వ్యవధిని ఎంత ఇచ్చామన్న ప్రశ్న కూడా అంతే న్యాయమైనది.

ఈనాటి పరిస్థితి పాతదానికి ఆశ్చర్యకరంగా దగ్గర. సెట్టు ఖర్చులో సగానికి పైగా తెర ప్యానెల్‌దే. అది ప్రధానంగా తూర్పు ఆసియా నుంచి వస్తుంది. తిరుపతిలోని డిక్సన్ కర్మాగారం వంటివి వేర్వేరు పేర్లకు టీవీలు బిగించి ఇస్తాయి. ఈసీ కాలం తర్వాత తెలుగు నేల మీద మళ్లీ టీవీలు తయారవుతున్నాయి, మన పేరు మాత్రం వాటి మీద లేదు. ధరను కదిలించేది ఇప్పటికీ ప్రభుత్వమే. ప్యానెల్ మీది సుంకాన్ని 2019 సెప్టెంబరులో ఎత్తివేసి, 2020 అక్టోబరులో 5 శాతంగా తిరిగి విధించారు. 2020 జులైలో టీవీల దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చారు. 32 అంగుళాలు దాటిన టీవీలపై 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 18 శాతానికి దిగింది.

తెర వెనుక కొత్త గుత్తాధిపత్యం కూడా తయారైంది. పేరు ఏదైనా చాలా స్మార్ట్ టీవీల్లో నడిచేది గూగుల్ వ్యవస్థే. తయారీదారులపై ఆ సంస్థ పెట్టిన షరతుల మీద కాంపిటీషన్ కమిషన్ విచారణ జరిపింది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ 20.24 కోట్ల రూపాయలు చెల్లించి, షరతులు సడలిస్తానని రాజీ పడింది. టీవీ పెట్టగానే మొదటి వరుసలో ఏది కనిపించాలో ఇప్పుడు నిర్ణయించేది ఆ వ్యవస్థే. ఒకప్పుడు ఆ పని ఢిల్లీ కేంద్రం చేసేది.

కాబట్టి ఈ పండుగకు టీవీ కొనేవారు పేరు కంటే ముందు మూడు విషయాలు అడగడం మంచిది. ఖరగ్‌పూర్‌లోనే మరమ్మతు చేసే అధికారిక కేంద్రం ఉందా? లోపలి సాఫ్ట్‌వేర్‌కు ఎన్నేళ్లు నవీకరణలు ఇస్తామని రాతపూర్వకంగా చెబుతున్నారు? ఇంటి కేబుల్ ప్యాకేజీలో తెలుగు చానెళ్లు ఉన్నాయా, లేక విడిగా డబ్బు కట్టాలా? 2019లో కొత్త టారిఫ్ వచ్చాక చానెళ్లను ఎంచుకునే హక్కు కాగితం మీద వీక్షకుడిదే. బెంగాలీ ప్యాకేజీ అమ్మే చోట తెలుగు అడిగి వేయించుకోవలసిన బాధ్యత కూడా అతడిదే అయింది.

ప్రభుత్వాలను అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. 2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికలకు కొన్ని నెలల ముందు, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది. హోదా వచ్చిన భాషకు బడిలో ఉపాధ్యాయుడు, కార్యాలయంలో దరఖాస్తు పత్రం, ప్రజాధనంతో నడిచే ప్రసార సంస్థలో వారానికి కొంత సమయం దక్కాలి. నిమ్‌పురా వార్త నిమ్‌పురా తెలుగులో ఏ తెర మీదా రావడం లేదు. హైదరాబాదు చానెల్‌కు అది దూరపు ఊరు, కోల్‌కతా చానెల్‌కు అది పరభాష. ఏ కంపెనీ టీవీ కొన్నా ఈ ఖాళీ పూడదు. బోనస్‌ను సమ్మె చేసి తెచ్చుకున్న కార్మికుల పిల్లలు ఈ హక్కును కూడా అడిగే తెచ్చుకోవలసి ఉంటుంది.