మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ పునరుద్ధరణము

విద్యుత్తు అందిన తక్షణమే ప్రాసెసర్ చదువవలసిన తొలి ఆజ్ఞలను, ర్యామును సిద్ధపఱచి, డిస్కును వెదకి, ఆపరేటింగ్ సిస్టమునకు అధికారము నప్పగించు ప్రోగ్రామును, మదర్‌బోర్డుపై నున్న ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్ తనయందు నిలుపుకొని యుండును. ఈ ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. యూఈఎఫ్ఐ పద్ధతి వచ్చిన పిదపను జనులు దీనిని బయాస్ అనియే వ్యవహరింతురు. ఇది చెడినచో, తక్కిన యంగములన్నియు నిర్దుష్టముగా నున్నను, ఫ్యాన్లు తిరుగునే గాని తెరపై నొక్క యక్షరమైనను కానరాదు. రిపేరు దుకాణములవారు ‘నో డిస్‌ప్లే’ అని ప్రక్కన బెట్టు బోర్డులలో కొన్నింటి దోష మిదియే; అట్టివానిని మరల పనిలోనికి దెచ్చు విధానమునకు ఫర్మ్‌వేర్ పునరుద్ధరణమని పేరు.

1981లో వెలువడిన ఐబీఎం పీసీయందు బయాస్ చెరుపరాని రోమ్ చిప్‌లో నుండుటచే ఈ యాపదకు తావు లేకుండెను. తిరిగి వ్రాయదగిన ఫ్లాష్ చిప్‌లు 1990ల దశకమున వ్యాపించినతోడనే, బయాస్‌ను ఇంటనే అప్‌డేట్ చేసికొను సౌకర్యముతో బాటు ఈ ప్రమాదమును వచ్చినది. ఫ్లాష్‌యందు పాత విషయముపై క్రొత్తదానిని నేరుగా వ్రాయ వీలులేదు. మొదట ఒక ఖండము నంతయు చెరిపి, అందలి బిట్ల నన్నింటిని ఒకట్లుగా జేసి, ఆ తరువాత వలసినచోట్ల సున్నాలను వ్రాయవలయును. చెరుపునకును వ్రాతకును నడుమ కరెంటు పోయినచో ఆ ఖండము శూన్యముగానే మిగిలిపోవును. వేరొక మోడల్‌కు చెందిన ఫైలును వ్రాసినను ఇట్టి హానియే కలుగును. బుద్ధిపూర్వకముగా జరిగిన విధ్వంసమును గలదు: తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హౌ 1998లో సృష్టించిన సీఐహెచ్ వైరస్, 1999 ఏప్రిల్ 26న విజృంభించి, డిస్కుల తొలి భాగమును పాడుచేయుటయే గాక, ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ గల బోర్డులలో బయాస్‌ను గూడ నాశనము చేసినది.

అయితే తెర వెలుగని ప్రతి బోర్డును బయాస్ పోయినదే యని నిశ్చయింపరాదు. ర్యాము సరిగా కూర్చుండకున్నను, సెట్టింగులు తప్పుగా నిలిచిపోయినను లక్షణములు ఇవియే. కావున ముందుగా ర్యామును తీసి మరల బిగించి, నాణెమువంటి సీఆర్2032 బ్యాటరీని తొలగించి, ఆ సెట్టింగులను నిలుపు సీమాస్‌ను క్లియర్ చేసి చూడవలయును.

ఫర్మ్‌వేర్ చెడు విపత్తును నిర్మాతలు ముందే యూహించి, సామాన్యమైన అప్‌డేట్లు తాకని బూట్ బ్లాక్ అను చిన్న భాగమును వేఱుగా నుంచిరి. అది మిగిలియున్నచో బోర్డు తన్ను దాను బాగుచేసికొన గలదు. పాత అవార్డ్ బయాస్‌ల బూట్ బ్లాక్ ఫ్లాపీని వెదకును. దానికి సాధారణముగా ఐఎస్ఏ వీడియో కార్డులు మాత్రమే తెలియుటచే, పీసీఐ కార్డు గలవారు చీకటి తెర యెదుట ఫ్లాపీ డ్రైవ్ దీపమును, చప్పుడును బట్టియే పని సాగుచున్నదని గ్రహింపవలసి యుండెను. గిగాబైట్ సంస్థ రెండు చిప్‌ల నమర్చి, ఒకటి చెడిన రెండవదానితో నడపు ఏర్పాటు చేసినది. ఇటీవలి కొన్ని బోర్డులలో నియమిత యూఎస్‌బీ పోర్టున పెన్‌డ్రైవును పెట్టి మీట నొక్కినచో, ప్రాసెసరు, ర్యాము లేకున్నను వేరొక చిన్న కంట్రోలర్ ఫర్మ్‌వేర్‌ను వ్రాయును. సామాన్యునికి ఇంతకంటె మేలైన యుపాయము లేదు.

ఇవేవియు ఫలింపనపుడు, చిప్‌ను నేరుగా చదివి వ్రాయు ప్రోగ్రామర్ అను పరికరమే శరణ్యము. బోర్డుకు కరెంటును పూర్తిగా తీసి, బ్యాటరీని గూడ తొలగించి, చిప్‌పై చుక్క గుర్తుగల మొదటి కాలికి, చిప్‌ను పట్టు క్లిప్ యొక్క ఎఱ్ఱ తీగ వచ్చునట్లు పట్టించి, సీహెచ్341ఏ వంటి చవుక ప్రోగ్రామర్‌ను వేఱొక కంప్యూటర్‌కు తగిలించి, ఫ్లాష్‌రోమ్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో చదువవచ్చును. చిప్ 3.3 వోల్టులదో 1.8 వోల్టులదో దానిపై నున్న నంబరును బట్టి ముందే తెలిసికొనుట అవశ్యము. రెండవదానికి అడాప్టర్ లేకుండ నేరుగా వోల్టేజీ నిచ్చినచో చిప్ కాలిపోవచ్చును. ఒకసారి చదివి తృప్తిపడరాదు. రెండుమార్లు చదివి రెండు ఫైళ్లను పోల్చవలయును. అవి భిన్నములైనచో క్లిప్ సరిగా పట్టలేదని యర్థము.

చెడినదే గదా యని చిప్‌నుండి చదివిన పాత ప్రతిని, అనగా డంప్‌ను, భద్రపఱుపక క్రొత్తది వ్రాయుట కంటె పెద్ద తప్పిదము ఈ పనిలో లేదు. నెట్‌వర్క్ మ్యాక్ చిరునామా, సీరియల్ నంబరు, అనేక ల్యాప్‌టాప్‌లలో విండోస్ కీ ఆ చిప్‌లోనే యుండును. కంపెనీ విడుదల చేసిన ఫైలులో ఇవి యుండవు. అదియు గాక ఆ ఫైలు తరచుగా అప్‌డేట్ కొఱకు కట్టిన మూటయే గాని చిప్‌యొక్క పూర్తి ప్రతి కాదు. 128 మెగాబిట్ల చిప్‌కు సరిగా 1,67,77,216 బైట్ల ఫైలు కావలయును. పరిమాణము కలియకున్నచో వ్రాయరాదు. ఇంటెల్ బోర్డులలో డిస్క్రిప్టర్, మేనేజ్‌మెంట్ ఇంజిన్ భాగములు పాత డంప్‌లో చెడకున్నచో, వానిని అట్లే యుంచి బయాస్ భాగమును మాత్రమే మార్చుట ఉత్తమము. బూట్ గార్డ్ గల యంత్రములలో నిర్మాత సంతకము లేని మార్పులను ప్రాసెసరే నిరాకరించును గనుక, అట్టిచోట సంతకము గల భాగములయందు చేయి పెట్టరాదు.

వ్రాసిన పిదప చిప్‌ను మరల చదివి సరిచూచి, క్లిప్ తీసివేసి బ్యాటరీ బిగింపవలయును. తొలి ప్రారంభమున ర్యాము శిక్షణకై (మెమరీ ట్రైనింగ్) బోర్డు ఒకటి రెండు మార్లు తనంతట తానే ఆగి మరల మొదలగుటయు, తెర వెలుగుటకు కొన్ని నిమిషములు పట్టుటయు కద్దు. అంతలో స్విచ్ కట్టివేయరాదు.