బౌల్: గిన్నె నుంచి వైరం దాకా

అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో, అంటే కోలగా ఉండే బంతిని చేతబట్టి ప్రత్యర్థి గీత దాటించే ఆటలో, 'బౌల్' అన్న మాట మొదట మైదానం రూపాన్ని మాత్రమే సూచించింది. యేల్ విశ్వవిద్యాలయం నేలను తవ్వి, ఆ మట్టినే చుట్టూ గట్టుగా పోసి 1914లో ప్రారంభించిన క్రీడాప్రాంగణం లోతైన గిన్నెను పోలినందున యేల్ బౌల్ అయింది. ఆ నమూనాలో 1922లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో వెలసిన రోజ్ బౌల్, 1902లో తొలిసారి జరిగిన నూతన సంవత్సర పోటీకి 1923లో వేదికై, తన పేరును ఆటకే ఇచ్చింది. తర్వాత ఆరెంజ్, షుగర్ వంటి పోటీలూ ఈ మాటను స్వీకరించడంతో, మైదానం ఆకారంతో నిమిత్తం లేకుండా, సీజన్ ముగిశాక ఆహ్వానంపై జరిగే పోటీ అన్న అర్థం స్థిరపడింది.

అన్నిటికన్నా ఆసక్తికరమైన అర్థవిస్తరణ అలబామా రాష్ట్రంలో కనిపిస్తుంది. అలబామా, ఆబర్న్ జట్లు 1907 తర్వాత 1948 వరకు పరస్పరం తలపడనేలేదు; పునఃప్రారంభమైన పోటీ ఇనుము, ఉక్కు పరిశ్రమలకు పేరొందిన బర్మింగ్‌హామ్‌లో దశాబ్దాలపాటు జరిగినందున దానికి ఐరన్ బౌల్ అన్న పేరు నిలిచింది. ఇది సీజన్ లోపలి ఆటే కాబట్టి, ఇక్కడ బౌల్ అంటే ఆహ్వానం కాదు, తరాల వైరం. 2013 నాటి సంచిక తర్వాత ఆగి, 2024లో తిరిగి వెలువడిన ఈఏ స్పోర్ట్స్ కళాశాల ఫుట్‌బాల్ వీడియోగేమ్‌లో అభిమానులు ఆ వైరాన్ని తెరపైనా కొనసాగిస్తున్నారు.