వానలో అందుకున్న కప్పు

ఈసారి మన ఇంటి కథ కాదు. కానీ మన రేవుతో ముడిపడిన కథే, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా అవ్వ ఎప్పుడూ అనేది, "మా నాయన చిన్నాయన ఒకాయన ఓడెక్కి నేటాలుకు పోయినాడు, మళ్ళీ రాలేదు" అని. అంతే, అంతకన్నా ఆవిడకీ తెలీదు. 1860లో మదరాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ కూలీలను ఎక్కించుకుని దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా చెరకు తోటల పనికి లక్షన్నర మందికి పైగా వెళ్ళారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది. కలకత్తా రేవు నుంచి ఉత్తరాది వాళ్ళూ వెళ్ళారు. అక్కడి కాగితాల్లో పేర్లన్నీ మారిపోయాయి. నాయుడు నైడూ అయ్యాడు.

ఆ కూలీల సంతతిలో పుట్టినవాడే పాప్వా సెవ్‌గోలమ్. అసలు పేరు సెవ్‌సంకర్. ఒకసారి నెమ్మదిగా పలికి చూడండి, అది శివశంకరే! ఆయన తెలుగువాడని నేను చెప్పడం లేదు, పేరు ఉత్తరాదిది. కానీ ఆ పేరుకు పట్టిన గతి మన పేర్లకూ పట్టింది.

పాప్వాది పేద కుటుంబం. చదువు లేదు. గోల్ఫ్ మైదానంలో దొరల సంచీలు మోసే కేడీగా పనిచేస్తూ ఆట తనంతట తాను నేర్చుకున్నాడు. కుడిచేతి ఆటగాళ్ళు కర్రను పట్టుకునేటప్పుడు ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పెడతారు. ఈయనది తల్లకిందులు. కుడి చెయ్యి పైన, ఎడమ చెయ్యి కింద. ఇలా పట్టుకోకూడదని చెప్పేవాళ్ళు లేరు, చివరిదాకా అదే పట్టు.

గ్రాహమ్ వుల్ఫ్ అనే తెల్ల వ్యాపారి ఆయన ప్రతిభ గుర్తించి 1959లో యూరప్ తీసుకెళ్ళాడు. పాప్వా ఆ ఏడే డచ్ ఓపెన్ గెలిచాడు. 1960లో మళ్ళీ గెలిచాడు, 1964లో మూడోసారి. అంటే పరాయిదేశంలో ఛాంపియను. సొంత ఊళ్ళో మాత్రం తెల్లవాళ్ళతో కలిసి ఆడాలంటే ప్రత్యేకంగా అనుమతి కావాలి. ఇంతకంటే విడ్డూరం ఉందా?

1963లో ఆ అనుమతి దొరికింది. డర్బన్ కంట్రీ క్లబ్బులో నేటాల్ ఓపెన్. తెల్ల ఆటగాళ్ళందరినీ దాటి పాప్వా గెలిచాడు. బహుమతి ఇచ్చే వేళకు వాన. తెల్లవాళ్ళంతా క్లబ్బు లోపల ఉన్నారు. నల్లవాళ్ళకీ భారతీయులకీ అందులోకి ప్రవేశం లేదు. అందుకని గెలిచినవాడు బయట వానలో తడుస్తూ కప్పు అందుకున్నాడు. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. వర్ణవివక్ష అంటే ఏమిటో పెద్ద పెద్ద ఉపన్యాసాలకన్నా ఆ ఒక్క బొమ్మ బాగా చెప్పింది.

1965లో పాప్వా మళ్ళీ నేటాల్ ఓపెన్ గెలిచాడు. ఈసారి ఓడిపోయింది గేరీ ప్లేయర్, అదే ఏడాది అమెరికా ఓపెన్ గెలిచిన మహా ఆటగాడు! ప్రభుత్వం ఇక ఓర్చుకోలేకపోయింది. తెల్లవాళ్ళ టోర్నమెంట్లు ఆయనకు మూసేశారు, పాస్‌పోర్టు లాక్కున్నారు. లోపలా ఆడనివ్వలేదు, బయటికీ పోనివ్వలేదు. మంచి ఆట ఉన్న వయసంతా అలా గడిచిపోయింది. 1978లో పేదవాడిగానే పోయాడు. ఇవాళ డర్బన్‌లో ఒక గోల్ఫ్ మైదానానికి ఆయన పేరుంది. ఆయనకు ఆ సంగతి తెలియదు కదా!

ఇదంతా ఎందుకు రాశానంటే, పాప్వా కథ మిగలడానికి కారణం ఒక ఫోటో. మా అవ్వ చిన్నాయనకు ఫోటో లేదు, పేరు కూడా ఎవరూ రాసి పెట్టలేదు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఉంటే, ఓడెక్కినవాళ్ళ పేర్లు అడిగి ఇవాళే రాసి పెట్టుకోండి. మేము అడిగేసరికి ఆలస్యమైంది.